ట్రయల్ బాబాయ్ తప్పిపోయిన వీధి

ట్రయల్ బాబాయ్‌కి ఉన్నది ఒక్కటే పిచ్చి. ఏదైనా సరే, ముందు తన మీద వేసి చూసుకోనిదే ఇంకొకరి మీద వేయనివ్వడు. మందుల దగ్గర మాత్రం డాక్టరు చేతులు జోడించి ఆపించాడు. ఒకరి కట్టుడు పళ్ళ దగ్గర నలుగురూ కలిసి పట్టుకుని ఆపారు. ఆ రెండూ తప్ప ఆ వృద్ధుల హోమ్‌లో ఆయన ట్రయల్ వేయని వస్తువు లేదు. పేరుకు మేనేజరే గానీ, ఆయన కుర్చీలో కూర్చోగా చూసినవాళ్ళు తక్కువ, చక్రాల కుర్చీలో తప్ప.

వరండాలోంచి తోటలోకి వాలుబాట కట్టిన రోజున మేస్త్రీ ఇంకా తాపీ కూడా కడుక్కోలేదు. బాబాయ్ "ముందు నేను" అని చక్రాల కుర్చీలో కూర్చుని వదిలేశాడు. కుర్చీ పూలకుండీలను పలకరించి, బట్టలారేసే తీగ కిందుగా దూసుకుపోయి గోడ దగ్గర ఆగింది. బాబాయ్ మెడలో ఎవరిదో తడి లుంగీ దండలా వేలాడుతోంది. ఆయన దాన్ని తీసి భుజాన వేసుకుని, "వాలు ఎక్కువైంది మేస్త్రీ. పగలగొట్టు" అన్నాడు.

రెండు కళ్ళకూ శుక్లాలు వచ్చిన మాస్టారికి లోకం ఎలా కనిపిస్తుందో తెలియాలని, తన కళ్ళజోడుకు నూనె రాసుకుని పగలంతా తిరిగాడు. ఆ రోజు వంటగదిలో ఫ్రిజ్‌కు నమస్కారం పెట్టి, "కాస్త జరుగుతారా అండీ?" అని అడిగాడు. అది జరగలేదని నొచ్చుకున్నాడు కూడా. మర్నాడు మెట్ల అంచులన్నిటికీ దట్టంగా పసుపు రంగు పడింది. మాస్టారు ఎవరి చేయీ పట్టుకోకుండా మెట్లు దిగాడు.

అందుకే ఆయన ఒంటి మీద ప్లాస్టరు ఎక్కడుందో చూసి, హోమ్‌లోకి ఏం రాబోతోందో పెద్దవాళ్ళు చెప్పేసేవారు. మోచేతికి ఉంటే స్నానాల గదిలో కొత్త కమ్మీ. నుదుటికి ఉంటే కొత్త తలుపు. ఒకసారి ముక్కుకు కనిపిస్తే ఏం రాబోతోందో ఎవరికీ అంతుపట్టలేదు. తీరా చూస్తే అది పిల్లి గీరింది.

ఈ రోగం ఆయనకు ఉద్యోగంలో అంటుకుంది. బస్సు డిపోలో బ్రేకులు చూసే ఇన్‌స్పెక్టరుగా పనిచేశాడు. బాగుచేసిన బస్సును తాను నడిపి చూడనిదే రోడ్డు మీదికి వదిలేవాడు కాదు. రిటైరయ్యాక కమిటీవాళ్ళు పిలిచి హోమ్ అప్పగించారు. బస్సులు పోయి మనుషులు వచ్చారు గానీ పద్ధతి మారలేదు.

అలాంటి చోటికి పెద్దాసుపత్రి నుంచి కొత్తగా పెద్ద నర్సు వచ్చింది. పనిమంతురాలు, ధైర్యస్థురాలు, తన మాట మీద తనకు గట్టి నమ్మకం. నడుముకు తాళాల గుత్తి, నోట్లో ఒకటే సామెత. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల." తడి ఉన్నచోట నడవనివ్వదు, మెట్టు ఉన్నచోట ఎక్కనివ్వదు, తలుపు ఉంటే తాళం వేస్తుంది. వచ్చిన వారానికే ఆమెకు తాళాలమ్మ అని పేరు పడిపోయింది.

ఆమె చేరిన రోజు సంగతి హోమ్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. భోజనాల గదిలో ఒక పెద్దాయన మెడకు తువ్వాలు కట్టుకుని, గిన్నెలోని మెత్తటి ముద్దను పగవాణ్ణి చూసినట్టు చూస్తున్నాడు. నర్సు చెంచా అందుకుంది.

"తినాలి తాతగారూ. నోరు తెరవండి."

"ఇందులో ఉప్పు లేదమ్మా."

"మీకు ఉప్పు పడదు."

"ఎవరు చెప్పారు?"

"నేను చెబుతున్నాగా. ఊఁ, ఆ అనండి."

గిన్నె ఖాళీ అయ్యేదాకా వదల్లేదు. మూతి తుడిచి, వీపు తట్టి, వంటామె వైపు తిరిగి, "మేనేజరుగారి గది ఎటండీ?" అని అడిగింది. వంటామె గరిటెతో చూపించింది. "గది అటు. మేనేజరుగారు ఇటు. ఇప్పుడు మీరు మూతి తుడిచింది ఆయనకే."

నర్సుకు భూమి చీలితే బాగుండుననిపించింది. బాబాయ్ మాత్రం తువ్వాలు విప్పుకుంటూ, "బాగానే తినిపించావమ్మా. కాకపోతే మొదటి చెంచా మింగేలోపే రెండోది వచ్చేస్తోంది. మింగలేనివాళ్ళకి అది ప్రమాదం. ఆ ముద్ద కూడా మనిషి తినేది కాదు, కాస్త రుచి తేవాలి దానికి" అన్నాడు. మర్నాటి నుంచి ముద్దలో నిమ్మరసం, కాస్త మిరియం పడ్డాయి. నర్సు చెంచా నెమ్మదించింది. కానీ ఈయన మేనేజరా, ఇక్కడ చేర్పించాల్సిన మనిషా అన్న అనుమానం ఆమె మనసులో ఓ మూల కూర్చుండిపోయింది.

అసలు గొడవ బేరాల పెద్దమ్మతో మొదలైంది. ఒకప్పుడు పెద్ద హాస్టలుకు కూరగాయలూ పళ్ళూ కొనిపెట్టిన మనిషి ఆవిడ. జీవితంలో దేన్నీ చెప్పిన ధరకు ఒప్పుకున్నది లేదు. పొద్దున్నే మాత్రలు తెచ్చిన నర్సుతో బేరం పెట్టేది.

"మూడా? రెండు చేసుకో అమ్మాయ్."

"ఇదేమన్నా బజారా పెద్దమ్మా? మూడూ వేసుకోవాలి."

"సరే, నీ మాటా కాదు, నా మాటా కాదు. మూడూ వేసుకుంటాను. ఆ చేదు మందు మాత్రం కొసరు పొయ్యకు."

స్నానానికి రమ్మంటే తలంటు తీసేసి ఒంటికి ఒప్పుకునేది. నడవమంటే వరండా అంతా కాకుండా సగానికి తెంపేది. ఆవిడ గది కిటికీలోంచి చూస్తే చిన్నగేటు, గేటు అవతల సన్నటి వీధి, వీధి మధ్యలో పళ్ళబండి కనిపిస్తాయి. హోమ్ రాకపోకలన్నీ వెనకవైపు పెద్దరోడ్డు నుంచే. ఈ ఆకుపచ్చ చిన్నగేటుకు తాళం, దాని చెవి నర్సు గుత్తిలో ఒకటి, బాబాయ్ జేబులో ఒకటి.

ఒకరోజు పెద్దమ్మ ఇద్దర్నీ పిలిచి చెప్పింది. "నేను ఆ పళ్ళబండి దాకా వెళ్ళి రావాలి. నేనే ఏరుకోవాలి, నేనే బేరమాడాలి. ఒక్కదాన్నే."

"నేను తోడొస్తా పెద్దమ్మా" అంది నర్సు.

"నీ తోడు వద్దు. పక్కన నర్సు ఉంటే వాడు జాలిపడి తగ్గిస్తాడు. జాలిపడి తగ్గిస్తే అది బేరం కాదు, దానం."

పెద్దమ్మకు ఒక చిక్కు ఉంది. ఉన్నట్టుండి దారి మరిచిపోతుంది. కూతురి ఇంట్లో ఉన్నప్పుడు కొత్తిమీర కోసమని బయల్దేరి, సాయంత్రానికి బస్టాండులో బెంచీ మీద దొరికింది. ఆ దెబ్బకు కూతురు ఇక్కడ చేర్పించింది. చేర్పిస్తూ ఒక మాట ఖచ్చితంగా చెప్పింది. "అమ్మ మళ్ళీ ఒక్కసారి తప్పిపోయిందా, లోపలి నుంచి గడియే లేని చోటికి తీసుకెళ్ళిపోతాను. మీరు బాధపడొద్దు." అలాంటి చోటొకటి ఆవిడ అప్పటికే చూసి పెట్టుకుంది కూడా. అక్కడ కిటికీలు కూడా ఎత్తులో ఉంటాయట.

"వద్దంటే వద్దు" అంది నర్సు వరండాలోకి రాగానే. "వెళ్ళి తప్పిపోతే ఉన్న కిటికీ కూడా పోతుంది ఆవిడకి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?"

"బస్సుకి బ్రేకు ఎందుకు పెడతారమ్మా? షెడ్డులో ఉంచడానికా, రోడ్డు మీద నడపడానికా?"

"బ్రేకు పడని బస్సుని షెడ్డులోనే ఉంచాలండి."

బాబాయ్ ఆగాడు. ఆ మాటలో న్యాయముందని ఆయన మొహమే ఒప్పుకుంది. "నిజమే. అయితే ముందు బ్రేకు పడుతుందో లేదో చూడాలి" అని జేబులో చెవి తడుముకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం చిన్నగేటు దడదడలాడింది. నర్సు వెళ్ళి చూస్తే వీధిలోని టైలరు, మెడలో టేపు, చేతిలో బాబాయ్ చేయి. బాబాయ్ చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని, ఆకాశంలో ఏదో పోగొట్టుకున్నట్టు చూస్తున్నాడు.

"మీ పెద్దాయనేనా అమ్మా? మా కొట్టు ముందు నిలబడి ఇల్లెటో తెలీడం లేదన్నాడు. దారి తప్పారా అంటే గొడుగెత్తాడు నా మీదికి!"

మా మేనేజరే అని చెప్పడానికి నర్సుకు నోరు రాలేదు. హోమ్ పరువు పోదూ! "మావారే... అంటే మా హోమ్ వారేనండీ" అని తడబడి లోపలికి లాక్కొచ్చింది. గేటు పడగానే బాబాయ్ గుండీలు సర్దుకుని, "ట్రయల్ అమ్మా" అని గదిలోకి చక్కా పోయాడు.

ఆ తర్వాత పళ్ళబండివాడు తెచ్చి అప్పగించాడు. ఆపై మందుల కొట్టామె. మళ్ళీ టైలరు. ఎండలో ఒకసారి, చినుకుల్లో ఒకసారి. ఒకరోజైతే వీధి వీధంతా కదిలొచ్చింది, ముందు బాబాయ్, వెనక ఊరేగింపు. అందరూ ఆయన్ని చూసి "పాపం" అంటారు. ఆయన పాపంలాగే నిలబడతాడు.

"మీరు దారి మరిచిపోతే ఆవిడకేంటండీ లాభం?" అని నర్సు నిలదీసింది.

"నేను మరిచిపోలేదమ్మా. తప్పిపోయి చూస్తున్నా."

మరిచిపోయేవాళ్ళందరూ అదే అంటారని నర్సుకు అనుభవం. ఆ రాత్రి ఆమెకు నిద్ర సరిగా పట్టలేదు. మంచి మనిషి, ఎవరితో చెప్పాలి, ఎలా చెప్పాలి? మర్నాడు మాటల్లో పెట్టి ఇవాళేం వారం, నిన్న కూరేంటి అని అడిగింది. బాబాయ్ అన్నిటికీ సరిగ్గా చెప్పి, "నన్ను ట్రయల్ వేస్తున్నావా? మంచి అలవాటు" అని మెచ్చుకున్నాడు. కమిటీ పెద్దకు చెప్పకుండా ఇంకొన్నాళ్ళు ఓర్చుకుందామని నర్సు నిశ్చయించుకుంది. ఆయన మీద ఆమెకు తెలియకుండానే అభిమానం పుట్టేసింది మరి.

ఒక ఉదయం బాబాయ్ పెద్దమ్మ కూతుర్ని పిలిపించాడు. "ట్రయళ్ళు అయిపోయాయి. ఇక బస్సు వదలాలి. మనం ముగ్గురం వెనకాలే ఉంటాం, కనపడకుండా."

కూతురు నర్సు వైపు చూసింది. నర్సు దాచలేదు. "నాకు నమ్మకం లేదండీ. కానీ వెనకాల నేనుంటాను. ఆవిడ మీద చూపు తియ్యను."

పెద్దమ్మ అప్పటికే సంచీ భుజాన వేసుకుని నిలబడి ఉంది. కూతురు పెదవి కొరుక్కుంది. "సరే. ఒక్కసారి. తప్పిపోయావా అమ్మా, రేపే తీసుకెళ్ళిపోతాను."

"రేపు కాదు, ఎల్లుండి" అంది పెద్దమ్మ అలవాటు కొద్దీ, గేటు దాటుతూ.

బండి దగ్గర ఆవిడను చూస్తే హోమ్‌లోని మనిషేనా అనిపించింది. నడుం నిలబడింది, గొంతు లేచింది. "ఇవి అరటిపళ్ళా, నా తోటివాళ్ళా? ఇలా మచ్చలు పడ్డాయి!" పళ్ళబండివాడు కూడా తక్కువ తినలేదు. "మచ్చపడ్డదే తీపి పెద్దమ్మా. మీకు తెలీనిదా?" తీసి పెట్టింది, పెట్టి తీసింది, రెండడుగులు వెళ్ళిపోయి వాడు పిలిచేదాకా వెనక్కి చూడలేదు. చివరికి పళ్ళు ఆవిడ సంచీలో, నవ్వు వాడి మొహంలో. చెట్టు చాటున ఉన్న కూతురు నోరు తెరుచుకుని చూస్తోంది. ఎన్నాళ్ళయిందో వాళ్ళమ్మను అలా చూసి.

పెద్దమ్మ తిరుగు ముఖం పట్టింది. గేటు కుడివైపు. ఆవిడ ఎడమకు తిరిగింది.

కొంత దూరం హుషారుగానే నడిచి, మలుపు దగ్గర ఆగింది. అటు చూసింది, ఇటు చూసింది. సంచీని గుండెకు పొదువుకుంది. ఇందాకటి గొంతు, నడుం ఎటు పోయాయో. రోడ్డు మధ్యలో ఓ చిన్నపిల్ల నిలబడినట్టుంది. కూతురు ముందుకురికింది. బాబాయ్ చేయి అడ్డం పెట్టాడు.

"కాలు బ్రేకు మీద ఉంచమ్మా. తొక్కకు."

"ఆవిడ మా అమ్మండీ!"

"బండేదైనా వస్తే నీకన్నా ముందు నేను పరిగెడతా. ఒక్క నిమిషం ఓర్చుకో, తల్లీ."

నర్సు అప్పటికే చెప్పులు విడిచి పరుగుకు సిద్ధంగా ఉంది. సరిగ్గా అప్పుడే టైలరు మెడలో టేపుతో కొట్లోంచి బయటికొచ్చాడు. వచ్చినవాడు "దారి తప్పారా?" అని అడగలేదు. ఏ ఊరు, ఏ పేరు అనీ అడగలేదు. స్టూలొకటి తెచ్చి నీడలో వేశాడు.

"ఎండగా ఉంది, కాస్త కూర్చోండి పెద్దమ్మా. పళ్ళు బాగున్నాయే! ఎంతకిచ్చాడు?"

పెద్దమ్మ చెప్పింది. చెబుతుంటే గొంతు తిరిగి వచ్చింది.

"అబ్బో! నాకెప్పుడూ అంతకివ్వలేదు వాడు" అని టైలరు లోపలికి కేకేసి కొట్టు చూడమన్నాడు. "నేనూ ఆ పచ్చగేటు వైపే వెళ్తున్నా. ఒక్కణ్ణే పోవాలంటే తోచదు. కాస్త తోడు రారూ?"

"నీకు తోడు కావాలా?" పెద్దమ్మ లేచింది. "సరే పద. సంచీ మాత్రం నేనే మోస్తా."

వాళ్ళు నడుస్తుంటే మందుల కొట్టామె గడప మీది నుంచి టైలరుకు సైగ చేసింది, ఎదురుగా వస్తున్న ఆటోను పళ్ళబండివాడు చేయెత్తి ఆపాడు. పెద్దమ్మకు ఇవేవీ పట్టలేదు. టైలరును జాగ్రత్తగా గేటు దాకా దిగబెట్టి, "ఇక వెళ్ళగలవా నాయనా?" అని అడిగి మరీ లోపలికి నడిచింది.

కూతురు కళ్ళు తుడుచుకుంటూ వచ్చి టైలరు చేతులు పట్టుకుంది. "ఇవన్నీ మీకెవరు నేర్పారండీ?"

"ఎవరు నేర్పుతారమ్మా! ఈ హోమ్‌లోనే ఓ పెద్దాయన ఉన్నాడు. పాపం, బొత్తిగా మతి లేదు. దారి తప్పారా అంటే మండిపడతాడు, పేరడిగితే ఏడుపు మొహం పెడతాడు, తోడు రమ్మంటే మాత్రం గొర్రెపిల్లలా వస్తాడు. ఆయన్ని దిగబెట్టీ దిగబెట్టీ మా వీధికంతా అలవాటైపోయింది." అంటూ వెనక్కి తిరిగాడు. చెట్టు చాటు నుంచి బాబాయ్ బయటపడ్డాడు. "అయ్యో, అదిగో, మళ్ళీ తప్పిపోయాడు! రండి తాతగారూ, కాస్త తోడు రండి."

బాబాయ్ కిక్కురుమనకుండా చేయి అందించాడు. నర్సు పైట నోటికి అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు. ఆ నవ్వులోనే ఆమెకు సంగతంతా తెలిసిపోయింది. ఇన్నాళ్ళూ ఈయన ట్రయల్ వేసింది తన మీద కాదు, ఆ వీధి మీద!

గేటు మూసుకున్నాక అడిగింది. "ఒక మనిషి తప్పిపోవచ్చు, కాస్త చూసుకోండి అని వాళ్ళకి చెబితే సరిపోయేది కదండీ. ఇంత వేషం ఎందుకు?"

"చెబితే అందరూ అలాగే అంటారమ్మా, ఒక్కరికీ గుర్తుండదు. ఇంకొకటి, ఆవిడకి మతిమరుపని వీధికి చెబితే రేపు ఆవిడ బేరానికి విలువుంటుందా? పళ్ళవాడు పాపం అని అడిగినంతకే ఇచ్చేస్తాడు. ఆవిడకి అక్కర్లేనిది అదే. ఆ పాపం అనేదేదో నన్నే అననీ. నాకేం, నేను పళ్ళు కొననుగా!"

నర్సు ఆయన వైపు కొత్తగా చూసింది. అదేమీ గమనించని బాబాయ్ చొక్కా గుండీలు సరిచేసుకుంటున్నాడు.

వరండాలో తల్లీకూతుళ్ళ బేరం అప్పటికే జోరుగా సాగుతోంది.

"వారానికి మూడుసార్లు" అంటోంది పెద్దమ్మ.

"ఒక్కసారి. పొద్దుటిపూట. ఫోన్ నంబరున్న గొలుసు మెళ్ళో వేసుకోవాలి."

"గొలుసు వేసుకుంటా, రెండుసార్లు."

"వాన పడితే లేదు."

"వాన పడితే లేదు. రెండుసార్లు. పైన కొసరు ఒకటి."

కూతురు నవ్వేసింది. పెద్దమ్మతో బేరంలో నవ్వినవాళ్ళు ఓడిపోయినట్టే లెక్క. తీసుకెళ్ళిపోతానన్న మాట ఆ తర్వాత మళ్ళీ వినపడలేదు. ఆ సాయంత్రం హోమ్‌లో అందరికీ తలో అరటిపండు దొరికింది, ధర చరిత్రతో సహా.

కొన్నాళ్ళకు పెద్దమ్మ కన్ను అవతలి వీధిలోని ద్రాక్షబండి మీద పడింది. అందరూ బాబాయ్ వైపు చూశారు. ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఆ వీధిలో సైకిల్ షాపువాడు మన టైలరు బావమరిది. నన్ను ఎరుగును. నేను తప్పిపోతే కొత్తేముంది, రోజూ ఉండేదే అనుకుంటాడు. అక్కడికి కొత్త మనిషి కావాలి."

నర్సు నడుముకున్న తాళాల గుత్తి తీసి ఆయన చేతిలో పెట్టింది. తెల్లకోటు విప్పి మేకుకు తగిలించింది. "ముందు నేను" అంది.

ముందురోజు కురిసిన వానకు ఆ వీధి చిత్తడిగా ఉంది. ఆమె వెళ్ళి సైకిల్ షాపు ముందు నిలబడి అటూ ఇటూ చూసింది. షాపువాడు స్పానర్ పక్కన పెట్టి, "దారి తప్పారా అమ్మా?" అన్నాడు. నటించే పని లేకుండానే నర్సుకు ఒళ్ళు మండింది. "నేనా? దారి తప్పడమా?" అని విసురుగా అడుగు వెనక్కి వేస్తే, కాలు చీలమండ దాకా బురదలో దిగబడింది.

వాడు ఆమెను గేటు దాకా తెచ్చి అప్పగిస్తూ గొంతు తగ్గించాడు. "చాలా కోపిష్టిదండీ. తోడు రమ్మంటే గానీ రాలేదు."

"ఏం చేస్తాం నాయనా" అన్నాడు బాబాయ్ దీనంగా. "చిన్న వయసులోనే ఇలా..."

నర్సు కళ్ళెర్రజేసింది గానీ ట్రయల్ మధ్యలో నోరు విప్పకూడదని ఊరుకుంది. వాడు వెళ్ళిపోయాక బాబాయ్ కుళాయి దగ్గర నుంచి నిండా నీళ్ళతో మగ్గు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఒక్క మాట అనలేదు. అనవలసిన సామెత ఆమెదే కదా.

నర్సు కాలు కడుక్కుంది. కడుక్కుని, గేటు అవతలి వీధి వైపు ఒకసారి చూసింది.

"ఆ మగ్గు ఇక్కడే ఉంచండి బాబాయ్ గారూ. రేపు మళ్ళీ తప్పిపోవాలి."